నడుము నొప్పికి సూది మందు జవాబు కాదు

నాట్లు, కలుపులు ముగిసేసరికి ఊళ్లో సగం మందిమి నడుం పట్టుకుని ఆర్‌ఎంపీ దగ్గర కూర్చుంటాం. డైక్లోఫెనాక్ సూది పొడిపించుకుని మర్నాడు మళ్లీ చేలోకి దిగుతాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను.

ఇదే మందును పశువులకు వాడకుండా 2006లో ప్రభుత్వం నిషేధించింది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి మరి. మనిషి రాబందు కాదు, నిజమే. కానీ ఎండలో నీళ్లు చాలక పనిచేసే ఒంట్లోకి, అందునా బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు, ఈ నొప్పి మందులు రోజూ పడితే కిడ్నీలకు ముప్పు. కడుపులో పుండ్లూ పడతాయి.

అలాగని మంచం పట్టడమూ వైద్యం కాదు. రోజూ నడక, వేన్నీళ్ల కాపడం, ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామం మేలు చేస్తాయి. బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

అయినా తప్పంతా మన నడుముదేనా? యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గింది. మన వైపు ధాన్యం బస్తా ఇంకా 75 కిలోలే. బస్తా బరువు తగ్గించాలి. నిలబడి కలుపు తీసే పరికరాలు సబ్సిడీపై ఆడవాళ్ల చేతికి అందాలి. మండల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉండాలి. గిట్టుబాటు ధరతో పాటు ఈ మూడూ మన డిమాండ్లలో చేరాలి. నడుం విరిగాక ధర పెరిగినా అనుభవించేదెవరు?