వేడి అను మాటతో విచారణ ముగియరాదు

రోహిణీకార్తెలో పిఠాపురము, సామర్లకోట ప్రాంతములందు ఏ యింటనైనను పిల్లవాని ముక్కు వెంట నెత్తురు కారినచో, "వేడి చేసినది" అని నిశ్చయించి, తలపై చన్నీళ్లు పోసి, తలను వెనుకకు వాల్చి పట్టుకొని, నెత్తురు ఆగినంతనే అందరును ఆ సంగతి మరచుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ మాటలో సత్యము బొత్తిగా లేకపోలేదు. ఎండగాలికి ముక్కులోని పొర ఎండి పగులును; ముక్కు నడిమిగోడ ముందుభాగమున, వ్రేలు సులభముగా చేరుచోట, సూక్ష్మరక్తనాళము లనేకము వచ్చి కలియును గనుక, గోరు గీసినను, జలుబున గట్టిగా చీదినను, ఆటలో దెబ్బ తగిలినను అచ్చటనే నెత్తురు చిమ్మును. 1884లో కీసెల్‌బాఖ్ అను జర్మను వైద్యుడు వర్ణించిన ఆ తావే పిల్లల నాసారక్తస్రావములలో అధికభాగమునకు మూలము.

అట్టి స్రావమునకు చికిత్స సులభము. పిల్లవానిని కూర్చుండబెట్టి, తల కొంచెము ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును రెండు వ్రేళ్లతో పదినిమిషములు విడువక నొక్కిపట్టి, నోటితో ఊపిరి తీయుమనవలెను. తల వెనుకకు వాల్చినచో నెత్తురు గొంతులోనికి దిగి వాంతి యగును, పొరబోవుటయు కలదు. ఇట్లు నొక్కినను అరగంటలో ఆగనిచో ఆసుపత్రికి పోవలెను.

అయితే వేడి యను ఒక్క మాట క్రింద అనేక వ్యాధులు దాగియుండుట నన్ను కలతపెట్టుచున్నది. ముఖ్యముగా మన చెరువుల సంగతి. పశువులు దిగు నిలువనీటిలో స్నానము చేయువారికి ఒక ముక్కుపుటలో ఎర్రని కండ పెరిగి, తెల్లని చుక్కలతో పండిన మల్బరీపండువలె కనబడుచు, తాకినంతనే నెత్తురు కార్చును. దీనిని రైనోస్పోరిడియోసిస్ అందురు. 1900లో అర్జెంటీనాలో సీబర్ వర్ణించినను, దీని బారిన పడువారిలో అత్యధికులు భారత, సింహళ దేశములవారే. ఇది ఒకరినుండి మరియొకరికి అంటదు. మందులతో నమ్మకముగా కుదురదు. శస్త్రచికిత్స చేసి కండను తీసి, దాని మొదలును కాల్చవలసినదే. అట్లు చేసినను మరల పెరుగుటయు కలదు. ఒక్క పుటనుండియే మాటిమాటికి నెత్తురు వచ్చుచు, ఆ పుట మూసికొనిపోవువారు చెరువుస్నానము మాని, కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకొనుట తక్షణకర్తవ్యము.

పెద్దవారి విషయము వేరు. రక్తపోటు మిక్కుటమైనవారికి, గుండెజబ్బునకు ఆస్పిరిన్ వంటి మందులు వాడువారికి, మద్యపానమున కాలేయము చెడినవారికి నెత్తురు ముక్కు వెనుకభాగమున పుట్టి గొంతులోనికి జారుటయు కలదు. అది నొక్కినంతమాత్రమున ఆగదు. వానకాలమున జ్వరముతో ముక్కునుండియు, చిగుళ్లనుండియు నెత్తురు కనబడినచో డెంగీ యేమో యని ఆ దినమే పరీక్ష చేయించుకొనవలెను.

ముక్కు సంగతి విడిచి శ్వాసకోశముల సంగతి చూచినచో, దగ్గుతో పడు నెత్తురు మరింత గంభీరమైనది. ఊపిరితిత్తుల క్యాన్సరు మొదలగునవియు కారణములు కావచ్చును గాని, మనదేశమున మొదట శంకింపవలసినది క్షయ. మదనపల్లెకడ ఆరోగ్యవరమున 1915లో శానిటోరియము వెలసిన కాలమున ఆ వ్యాధి పేరు చెప్పిననే కుటుంబములు వణకెడివి. 1956లో మద్రాసున ఆరంభించిన పరిశోధన, ఇంటనుండి మందులు వాడినను శానిటోరియములో ఉండి వాడినంత ఫలితము లభించునని నిరూపించినది. నేడు కఫపరీక్షయు, మందులును ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించుచుండగా, దగ్గిన నెత్తురును దాచుకొనుట వలన రోగికేగాక ఇంటిలోని పసిబిడ్డలకును హాని కలుగును.

కనుక తల్లిదండ్రులును, బడిపంతుళ్లును అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి: నెత్తురు ఏ పుటనుండి వచ్చినది, ఎంతసేపు వచ్చినది, ఎన్నిమారులు వచ్చినది, దగ్గుతో వచ్చినదా? ఈ ప్రశ్నలు బడిగోడలపై వ్రాయించి, ప్రాథమికారోగ్యకేంద్రములవారు చెరువుగట్టుల ప్రజలకు బోధింపవలెను. వేడి యని సరిపెట్టుకొని ఊరకుండుటకంటె అడిగి తెలిసికొనుట ఎక్కువ శ్రమ కాదు. వ్యాధి ముదరకముందే రోగిని వైద్యునికడకు చేర్చునది అదియే.

— పీఠికాపురవాసి