కెనడా గోధుమ రైతుకు రైలు కిరాయి కోత

ధాన్యం తోలిన రైతుకు వచ్చే పట్టీలో హమాలీ, కాటా, కిరాయి కోతలు ఎలా ఉంటాయో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే రైలు కిరాయి మాత్రం అందులో కనబడదు. భారత ఆహార సంస్థ ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి బియ్యాన్ని గూడ్సు బండ్లలో తరలిస్తే ఆ ఖర్చు కేంద్రం సబ్సిడీ లెక్కలో పడుతుంది. కెనడా గోధుమ రైతు సంగతి అలా కాదు. అతని పంటకు ధర పలికేది వాంకూవర్ వంటి రేవులో. అందులోంచి రైలు కిరాయి, గోదాము ఖర్చులు కోయగా మిగిలిందే అతనిది. సస్కాచెవాన్ పొలాల నుంచి ఆ రేవు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. కిరాయి పెరిగిందని ధర పెంచి అమ్ముకుందామంటే ప్రపంచ మార్కెట్టు అతని మాట వినదు కదా!

ఈ కిరాయి తగవు నూరేళ్ళు పైబడినది. కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి 1881 ఒప్పందం కింద ప్రభుత్వం 2.5 కోట్ల డాలర్లు, 2.5 కోట్ల ఎకరాల భూమి ధారపోసింది. 1897లో క్రోస్‌నెస్ట్ కనుమ గుండా (పేరుకర్థం కాకిగూడు) లైను వేసుకోవడానికి మైలుకు 11 వేల డాలర్ల దాకా మళ్ళీ ఇచ్చింది. బదులుగా తూర్పుకు పోయే ధాన్యం, పిండి మీద వంద పౌన్లకు 3 సెంట్లు కిరాయి తగ్గించి, ఆ తగ్గింపును శాశ్వతంగా ఉంచుతామని కంపెనీ ఒప్పుకుంది. 1925లో ధాన్యపు రేట్లను చట్టంలోకే ఎక్కించారు. రైతులు దీన్ని ‘క్రో రేటు’ అన్నారు. దీన్ని రైతుకిచ్చిన సబ్సిడీ అనడం మాకు సమ్మతం కాదు. ప్రజల సొమ్ము పుచ్చుకుని కంపెనీ రాసిచ్చిన కాగితం ఇది.

అర్ధశతాబ్దం కదలని రేటు 1970ల ద్రవ్యోల్బణంలో రైల్వేలకు గిట్టలేదన్నదీ నిజమే. బ్రాంచి లైన్లు పాడుపడ్డాయి. 1972 నుంచి వ్యాగన్లు ప్రభుత్వమే కొనిపెట్టింది. రైతుల్లోనూ ఒకే మాట లేదు. కిరాయి చవకైతే ఊళ్ళో ధాన్యం ధర నిలబడుతుంది, దాణా కొనే అల్బెర్టా పశుపోషకులకు అది బరువు. ఈ చీలిక కంపెనీలకు బాగా కలిసివచ్చింది.

1983 చట్టంతో క్రో రేటు పోయింది. ప్రభుత్వం ఏటా 65 కోట్ల పైచిలుకు డాలర్లు రైల్వేలకిస్తుందనీ, పెరిగే ఖర్చులో రైతు వాటా క్రమంగా పెరుగుతుందనీ అన్నారు. 1995 బడ్జెట్లో ఆర్థికమంత్రి పాల్ మార్టిన్ అదీ ఎత్తేశారు. ఆగస్టు 1 నుంచి పూర్తి కిరాయి రైతు మీద పడింది. పరిహారంగా ఒక్కసారికి 160 కోట్ల డాలర్లు ఇచ్చారు, అదీ భూమి యజమానుల లెక్కన. సాగుచేసే కౌల్దారు తన వాటా యజమానితో తేల్చుకోవలసిందే. మన కౌలు రైతులకు ఈ కథ కొత్తగా తోచదు. ఆ ఏడాది నవంబరులోనే ప్రభుత్వ రైల్వే కెనడియన్ నేషనల్‌నూ ప్రైవేటు వాటాదార్లకు అమ్మేశారు.

2000 నుంచి రెండు కంపెనీలూ పశ్చిమ ధాన్యం మీద సంపాదించే మొత్తం రాబడికి పరిమితి ఉంది. దీనివల్ల పెట్టుబడులు ఆగిపోతాయని కంపెనీల వాదన. పరిమితి ఉండితీరాలన్నది మా అభిప్రాయం. చాలాచోట్ల రైతు ముందు ఉన్నది ఒకే రైలు, బేరమాడడానికి రెండోది లేదు. పైగా పల్లె గోదాములు, బ్రాంచి లైన్లు మూసేసి కంపెనీలు మిగుల్చుకున్నదాంట్లో రైతుకు దక్కిందేమిటి? పెద్ద గోదాము దాకా సొంత లారీ ఖర్చు!

రేటుకు కళ్ళెం వేస్తే చాలదని 2013-14 శీతాకాలం చూపింది. రికార్డు పంట పండింది, వ్యాగన్లు రాలేదు. పరిమితి అలాగే ఉంది, కానీ రేవులో ధరకూ ఊళ్ళో ధరకూ మధ్య అగాధం పెరిగి ఆ తేడా ధాన్యం కంపెనీల పాలయింది. 2014 మార్చిలో ఒక్కో రైల్వే వారానికి 5 లక్షల టన్నులు తరలించాలని ప్రభుత్వం ఉత్తర్వు వేయవలసి వచ్చింది.

ఇక పరిమితి దాటి వసూలు చేస్తే? అదనపు సొమ్మును జరిమానాతో సహా కంపెనీ కట్టాలి. కానీ అది కిరాయి కట్టిన రైతు చేతికి రాదు, పశ్చిమ ధాన్య పరిశోధన ఫౌండేషన్‌కు చేరుతుంది. అది రైతులే నడిపే సంస్థ, చేసేది మంచి పనే. అయినా ఆ ఏడాది బ్యాంకు వాయిదా కట్టలేకపోయినవాడికి ఆ సొమ్ములో ఒక్క సెంటూ రాలేదు.