ఆ పేరు చూసి ఫీజు కట్టేయకండి

‘అన్నా, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోర్సులో చేరనా?’ అని బీకామ్ ఫైనలియర్ తమ్ముడొకడు అడిగాడు. ఆరేళ్ల క్రితం నేనూ ఇదే ఊపులో ఉన్నా.

నాన్న అప్పు తెచ్చి ఫీజు కట్టారు. కోర్సయింది, ఉద్యోగమూ వచ్చింది. కానీ అది కంపెనీల విలీనాలు, ఐపీఓలు చూసే పని కాదు. ఎవరో కొన్న షేర్లకీ, కట్టిన డబ్బుకీ లెక్క కుదిరిందా అని సరిచూసే సెటిల్‌మెంట్ పని. మంచి పనే, ఆ జీతంతోనే అప్పు తీర్చా. కాకపోతే ‘ఆపరేషన్స్’ అన్న మాట ఆఫర్ లెటర్‌లోనే మొదటిసారి చూశా.

వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. వచ్చే ఉద్యోగం డీల్స్‌లోనా, ఆపరేషన్స్‌లోనా? ఫీజు కట్టేముందే సూటిగా అడగండి. డీల్స్ టీముల్లోకి ఎక్కువగా సీఏలనీ, పెద్ద బిజినెస్ స్కూళ్ల ఎంబీఏలనీ తీసుకుంటారు.

అంత దూరం వెళ్లేముందు ఓ చిన్న పరీక్ష. సెబీ వెబ్‌సైట్‌లో ఏదైనా ఐపీఓ డీఆర్‌హెచ్‌పీ తెరవండి, ఫ్రీనే. ఆ డీల్ నడిపే లీడ్ మేనేజర్ల పేర్లు మొదట్లోనే ఉంటాయి. కంపెనీ మూడేళ్ల లెక్కలు ఎక్సెల్‌లో వేసి, లాభం ఎందుకు పెరిగిందో, అప్పెంతుందో సొంత మాటల్లో ఒక పేజీ రాయండి. రాస్తూ టైమ్ మర్చిపోతే, ఈ దారి మీదే. విసుగొస్తే, ఫీజు మిగిలినట్టే!