ఎలక్టివ్ ఎంచుకునే ముందు ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లి రండి



మన పిల్లల్లో ఎం.బి.ఎ. మొదటి ఏడాది ముగించినవాళ్లు ఇప్పుడు ఎలక్టివ్‌లు ఎంచుకోవాలి. మొదటి ఏడాది దాదాపు అందరికీ ఒకే పాఠాలు. రెండో ఏడాదిలోనే ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్.ఆర్., ఆపరేషన్స్ అని దారులు చీలుతాయి. పెద్దవాళ్లం మనం అడిగేది ఒకటే: దేనికి ప్యాకేజీ ఎక్కువ? పిల్లలు సీనియర్లను అడిగేది ఇంకొకటి: దేనికి నోట్సు దొరుకుతాయి, ఎవరు మార్కులు ధారాళంగా వేస్తారు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని ఎంచుకున్న సబ్జెక్టు ఇంటర్వ్యూ గది దాకా కూడా తోడు రాదని మా అభిప్రాయం. చాలా ఇళ్లలో ఈ చదువు బ్యాంకు లోను మీదే నడుస్తోంది. కిస్తీలు కోర్సు అయిన ఏడాది తర్వాత మొదలవుతాయేమో గానీ, వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే లెక్కలోకి వస్తుంది.

గూడ్స్ ఆఫీసుల్లో ఉద్యోగం చేసి రిటైరైన మాకు మేనేజ్‌మెంట్ చదువు లేదు. బడిలో చదివింది మరాఠీ, ఇంట్లో మాట్లాడింది తెలుగు, ఆఫీసులో రాసింది ఇంగ్లీషు, హిందీ. అయినా ఈ పిల్లల సిలబస్ కాగితాలు చదివితే అందులో సగం మాకు తెలిసిన సంగతులే. సప్లై చైన్ అని ఉందే, అందులో పెద్ద ముక్క మేం రోజూ రాసిన డెమరేజీ లెక్క. రేక్ సైడింగ్‌లోకి వచ్చాక ఇచ్చిన గడువు దాటితే వ్యాగనుకు గంటకు ఇంత అని పడుతుంది. కూలీలు రాలేదన్నా, లారీలు అందలేదన్నా గడియారం ఆగదు. సిమెంటు బరువెక్కువ, ఆ బరువుకు ధర తక్కువ. అలాంటి సరుకులో లాభం కారిపోయేది రవాణాలోనే. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న కోర్పనాలో పుట్టిన పిల్లలు ఈ సబ్జెక్టును "గోడౌన్ ఉద్యోగం" అని తీసి పక్కన పెడుతుంటే మాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఫైనాన్స్ వద్దని మేం అనడం లేదు. ఫైనాన్స్ అంటే షేర్ మార్కెట్ ఒక్కటే అనుకోవద్దంటున్నాం. మన చుట్టుపక్కలే చూడండి. ఎల్ అండ్ టి వాళ్ల ఆవార్‌పూర్ ఫ్యాక్టరీ 2004లో అల్ట్రాటెక్ అయింది. గడ్‌చాందూర్‌లోని మాణిక్‌గఢ్ సిమెంటు 2019లో సెంచరీ నుంచి విడిపోయి అదే అల్ట్రాటెక్‌లో కలిసింది. నారండాలోని మురళీ ఫ్యాక్టరీ దివాలా చట్టం కిందకు వెళ్లి 2020లో దాల్మియా చేతికి వచ్చింది. ఉప్పర్‌వాహిలో ఉన్న అంబుజా 2022లో అదానీ గ్రూపు కిందకు చేరింది. నాలుగింటికి నాలుగూ చేతులు మారాయి! కొన్నవాళ్లు ఏం చూసి ధర కట్టారు? కంపెనీ మునిగితే బ్యాంకు బాకీ ముందా, లారీ ఓనరు బాకీ ముందా? 2016 నాటి దివాలా చట్టంలో తాకట్టు ఉన్న బ్యాంకు ముందు వరుసలో ఉంటుంది, లారీ ఓనరు చాలా వెనక నిలబడతాడు. మన టీ కొట్ల దగ్గర ఏళ్ల తరబడి నలిగిన ఈ మాటలకు జవాబులు విలీనాలు, కొనుగోళ్ల ఎలక్టివ్‌లో ఉంటాయి. లెక్క ఎక్కువని పిల్లలు దాన్ని వదిలేస్తున్నారు.

ఇంకో మాట. ఆడపిల్లకు హెచ్.ఆర్. చాలు అనడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆమెకు నిజంగా ఇష్టమైతే తీసుకోనివ్వండి, కానీ సులువని చెప్పి తోయకండి. 29 కేంద్ర కార్మిక చట్టాలను పార్లమెంటు 2019, 2020ల్లో నాలుగు కోడ్‌లుగా కలిపింది. కాంట్రాక్టు కూలీలు ఇంతమంది ఉన్న మన ప్రాంతంలో కాంట్రాక్టరు పి.ఎఫ్. కట్టకపోతే అసలు కంపెనీ బాధ్యత ఎంత అన్నది తెలిసిన మనిషి విలువ వేరు. మీ కాలేజీలో చెప్పేది కొత్త కోడ్‌లా, పాత నోట్సా? అది కనుక్కున్నాకే టిక్కు పెట్టండి.

పెద్ద బిజినెస్ స్కూళ్లు కొన్నింటిలో సీట్లు తక్కువగా ఉన్న ఎలక్టివ్‌కి పాయింట్లు పెట్టి పోటీ పడతారు. మన పిల్లలు ఎక్కువగా చదివే చిన్న కాలేజీల్లో కష్టం దానికి తలకిందులు. కాగితం మీద ఇరవై ఎలక్టివ్‌లు ఉంటాయి, సరిపడా పేర్లు రాక, చెప్పే లెక్చరరు లేక నడిచేవి నాలుగైదే. అందుకే ఒంటరిగా వెళ్లి అడిగితే పని కాదు. పదిమంది కలిసి, సెమిస్టర్ మొదలవకముందే, రాతపూర్వకంగా అడగాలి. తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టొచ్చు. ఫీజు కట్టేది మనమే కదా.

వచ్చే నెల సంఘం సమావేశానికి రెండో ఏడాదికి వెళ్తున్న పిల్లలు సిలబస్ కాగితాలు తెచ్చుకోండి, మార్కుల లిస్టు అక్కర్లేదు. సిమెంటు డిస్పాచ్‌లో, బ్యాంకులో, లేబర్ ఆఫీసు పనుల్లో ఉన్న మనవాళ్లు ఒక గంట ముందే రావాలని కోరుతున్నాం. సైడింగ్ చూడాలనే పిల్లలుంటే ముందుగా చెప్పండి, గేటు పాసు కోసం మేం అడిగి చూస్తాం.