ఫిరంగికి శిస్తు కట్టిందెవరు?

మన చారిత్రక చిత్రాలు చూసేటప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. ఇంతమంది సైనికులు అన్నం ఎప్పుడు తింటారు? తెరమీద వేలమంది కత్తులు దూస్తారు. ఏనుగులు ఘీంకరిస్తాయి, కోటగుమ్మాలు కూలుతాయి, కథానాయకుడు ఒంటిచేత్తో ఇరవైమందిని నరుకుతాడు. కాని ఆ సైన్యం తిన్న బియ్యం ఏ ఊరి గాదెలోంచి వచ్చాయో, ఆ ఫిరంగిని బురదలో లాగిన ఎడ్లను ఎవరి కొట్టంలోంచి తోలుకొచ్చారో, ఆ సిపాయి జీతం ఏ రైతు కట్టిన శిస్తో మాత్రం తెలియదు. ఇది చిల్లర సందేహమని నవ్వే మిత్రులున్నారు. నవ్వుకోనివ్వండి. మన చారిత్రక చిత్రాల గుట్టంతా ఈ చిల్లర సందేహంలోనే ఉన్నదని నేనంటాను.

బొబ్బిలి సంగతే తీసుకుందాం. 1964లో వచ్చిన "బొబ్బిలి యుద్ధం" గురించి వినని తెలుగువాడు అరుదు. ఆ యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. చిత్రం చూసి బయటికి వచ్చినవాడి మనసులో మిగిలేదేమిటి? రంగారావు పౌరుషం, విజయరామరాజు పగ, పాపారాయుడి ప్రతీకారం, బుస్సీ ఫిరంగులు. ఇవేవీ కల్పనలు కావు. అయితే ఫ్రెంచివాడైన బుస్సీకి బొబ్బిలిలో ఏం పని? 1753లో నిజాం సలాబత్ జంగు, తన్ను గద్దెమీద నిలబెట్టిన ఫ్రెంచి సైన్యానికి జీతాలివ్వటం కోసం ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లు నాలుగింటి శిస్తునూ బుస్సీపరం చేశాడు. ముస్తఫానగరంటే ఎక్కడో కాదు, విజయవాడ పక్కనున్న మన కొండపల్లి. అంటే బొబ్బిలి కోటగోడను పడగొట్టిన ఫిరంగిగుండుకు కృష్ణ ఒడ్డు రైతు కూడా శిస్తు కట్టాడన్నమాట. విజయరామరాజు ఆ నాలుగు సర్కార్లలో రెండింటి శిస్తు వసూలును బుస్సీ దగ్గర ఇజారాకు పుచ్చుకున్నవాడు. ఇద్దరు రాజుల పంతానికి అడుగున ఉన్నది ఈ శిస్తు లెక్క. ఆ లెక్క తీసేస్తే మిగిలేది మీసం. మనవాళ్లు తెరకెక్కించింది ఆ మీసాన్నే.

ఇక్కడొక పాత సంగతి జ్ఞాపకం చెయ్యాలి. బొబ్బిలి వీరగాథ తెరకెక్కటానికి పాతికేళ్లముందు, 1939లో, కృష్ణాజిల్లా నందమూరువారైన గూడవల్లి రామబ్రహ్మంగారు "రైతుబిడ్డ" తీశారు. జమీందారీ దౌర్జన్యాన్ని చూపిన ఆ చిత్రంమీద జమీందార్లు కత్తిగట్టారు. వారిలో ముందు నిలిచినవారు వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాధీశులు. చిత్రం నిషేధానికి గురయింది. బుస్సీ ఫిరంగులకు బెదరని బొబ్బిలి, ఒక రైతు కథకు బెదిరింది! ఇంకా విచిత్రమేమిటంటే, ఆ చిత్రం తీసిన సారథి సంస్థకు అధ్యక్షులు చల్లపల్లి రాజాగారు. జమీందారు డబ్బుతో జమీందారీమీద చిత్రం. అందులో జస్టిస్ పార్టీమీద కాంగ్రెసువారి కక్ష కూడా కొంత పనిచేసి ఉండవచ్చు. అయినా ఆనాటి ఉద్యమం వేడి లేనిదే అది జరిగేది కాదు. ఆ తరవాత డెల్టా డబ్బు తెలుగులో లెక్కలేనన్ని చిత్రాలు తీసింది. అటువంటి పని మళ్లీ చేసిన సందర్భాలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఆ డబ్బు ఎలా పుట్టిందో కూడా చెప్పుకుంటే మంచిది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, మెట్ట మాగాణి అయింది, పంట మిగిలింది. ఆ మిగులే రైసుమిల్లులయింది, కాలేజీలయింది, పత్రికలయింది, చివరకు సినిమా అయింది. 1921లోనే విజయవాడలో మారుతీ హాలు వెలిసింది. గాంధీనగరం పంపిణీదారుల ఆఫీసులతో నిండిపోయింది. తెలుగు సినిమాకు ఆదిపురుషుడనిపించుకున్న రఘుపతి వెంకయ్యగారు బందరువారు. దశాబ్దాలపాటు తెరను ఏలిన ఇద్దరిలో రామారావుగారిది నిమ్మకూరు, నాగేశ్వరరావుగారిది గుడివాడ దగ్గర రామాపురం. డబ్బు డెల్టాది, మనుషులు డెల్టావారు, నేల టిక్కెట్టు కొని ఈలలు వేసిన జనమూ డెల్టా జనమే. చరిత్ర ఒక్కటే డెల్టాది కాదు! బొబ్బిలి, పల్నాడు, ఓరుగల్లు, రేనాడు, మన్యం - ఎక్కడి యుద్ధమైనా సరే, ఇక్కడిది మాత్రం వద్దు. ఇందులో రహస్యమేమీ లేదు. డెల్టా యుద్ధాన్ని చూపిస్తే, పెట్టుబడి పెట్టినవాడు అందులో ఏ పక్షాన నిలబడ్డాడో కూడా చూపించవలసి వస్తుంది.

డెల్టాలో తీయదగిన యుద్ధాలు లేవా? 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివారి చేతుల్లోంచి లాక్కున్నాడు. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివారి పెత్తనానికి అక్కడితో నూకలు చెల్లాయి. నెల తిరిగేసరికి బందరు, నిజాంపట్నం సీమలు కుంపిణీకి దఖలుపడ్డాయి. ముట్టడి సాగుతుండగానే ఫోర్డుగారి తెల్ల సిపాయిలు దోపిడీ సొమ్ములో తమ వాటా తేల్చందే కదలమని ఎదురుతిరిగారు కూడాను. సామ్రాజ్యం ఎలా పుట్టిందో తెలుసుకోవటానికి ఇంతకంటె మంచి దృశ్యం ఎవరు కల్పించగలరు? అంతకు రెండున్నరేళ్లముందు, 1756 చివర, క్లైవు మద్రాసు నుంచి సిపాయిలను ఓడలెక్కించి బెంగాలు తీసుకుపోయాడు. అక్కడ సిపాయికి "తెలంగా" అన్న పేరే స్థిరపడిపోయింది. ప్లాసీని గురించి రాబర్టు క్లైవు పేరుతో చదువుకుంటాం. పొట్టకూటికి సముద్రం దాటి, పరాయివాడికి పరాయిదేశం గెలిచిపెట్టిన ఆ తెలంగా కథను ఎవరన్నా తీస్తే నేను చూడాలని ఉంది. అతడు వీరుడు కాడు, ద్రోహీ కాడు. అటువంటి మనిషిని ఏం చెయ్యాలో మన సినిమాకు తెలియదు.

యాత్రలను, అన్వేషణలను చూపే డాక్యుమెంటరీలూ ఇదే తోవ పట్టాయి. 1953లో ఎవరెస్టు శిఖరం ఎక్కటాన్ని గురించి అదే ఏడు వచ్చిన ఇంగ్లీషు చిత్రం ప్రపంచమంతా ఆడింది. ఆ దండయాత్రకు బరువులు మోసిన కూలీలు 300 మందికి పైగా ఉన్నారు. వాళ్లు తెరమీద కనిపించరని కాదు, చీమలబారులాగా కనిపిస్తారు. చీమకు పేరెందుకు? మన ఇంటి ఉదాహరణే కావాలంటే కొల్లూరు ఉంది. 17వ శతాబ్దిలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఆ వజ్రాల గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. కోహినూరు మీద వచ్చే చిత్రాలు ఏ నవాబు తలపాగాలోంచి ఏ రాణి కిరీటంలోకి పోయిందో చెబుతాయి. కృష్ణ ఒడ్డున బురద జల్లెడ పట్టిన 60,000 మందిని ఆ వ్యాఖ్యాత గొంతు ఒక్క వాక్యంలో దాటేస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి పదిహేను నెలలు కాశీయాత్ర చేశారు. ఆ యాత్రను బోయీల భుజాల ఎత్తునుంచి తీస్తే అది వేరే దేశం అవుతుంది.

మన ప్రభుత్వ డాక్యుమెంటరీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1948లో ఏర్పడి, 2022లో మరో సంస్థలో కలిసిపోయిన ఫిలిమ్స్ డివిజన్ బొమ్మలను, హాలులో అసలు సినిమా మొదలయ్యేముందు మనమంతా చూసినవాళ్లమే. శంకుస్థాపనలు, రిబ్బను కత్తిరింపులు, పూలదండలు. అందులో మంచివి లేకపోలేదు. కాని నాగార్జునసాగరం పునాదులు తవ్వినవాళ్ల కూలి రేటెంతో ఆ గంభీర స్వరం నాకెన్నడూ చెప్పలేదు.

"సినిమా వినోదం కోసమండీ, చరిత్ర కావాలంటే పుస్తకం చదువుకోండి" అనేవారు తప్పకుండా ఉంటారు. అలాగైతే 2017లో "గౌతమీపుత్ర శాతకర్ణి"కి చారిత్రక చిత్రమన్న గౌరవంతో వినోదపు పన్ను ఎందుకు మినహాయించారు? వినోదమైతే పన్ను కట్టాలి, చరిత్రైతే నిజం చెప్పాలి. రెండూ తప్పించుకోవటం ఏ న్యాయం? శాతవాహనుల వైభవాన్ని తలచుకుని రాష్ట్రం పొంగిపోతున్న ఆ రోజుల్లోనే, వారి పట్నం పేరు పెట్టిన కొత్త రాజధాని కోసం కృష్ణ ఒడ్డున 33,000 ఎకరాలకు పైగా పంటభూమి సమీకరించారు. భూమిగలవాడికి ప్లాటు, భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను. శాతకర్ణి కాలంలో కూలివాడి లెక్క ఎలా ఉండేదో తెరమీద చూసి ఉంటే, ఈ లెక్కమీద జనానికి ఒక ప్రశ్న పుట్టేదేమో.

ఇక "ఆర్ ఆర్ ఆర్". 2022లో వచ్చి ప్రపంచం చుట్టి వచ్చిన ఈ చిత్రం అల్లూరినీ కొమరం భీమునూ ఢిల్లీలో కలిపింది. కల్పన అని తీసినవారే చెప్పారు, సరే. అయినా నా విద్యార్థి ఒకడు పరీక్షలో వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులని రాశాడు. నాకు బాధ కలిగించింది ఆ స్నేహం కాదు. ఆ చిత్రంలో ఏజెన్సీ రోడ్డుపని లేదు. మన్యంవాళ్లచేత చాకిరీ చేయించుకుని కూలి ఎగ్గొట్టిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియను లేడు. గాము గంటందొర లేడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుమీద పడ్డవాళ్లు ఏ ఆకలితో పడ్డారో ఆ ఆకలే లేదు. చివరకు భీము తన స్నేహితుణ్ణి కోరే వరం, చదువు చెప్పమని! 1940లో జోడేఘాటులో తుపాకులకు ఎదురొడ్డి చనిపోయిన గోండు నాయకుడు తెరమీద అక్షరభిక్షకు చెయ్యి చాచాడు. దీన్ని దేశభక్తి అనుకుని చప్పట్లు కొట్టాం.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. అల్లూరిని వేటాడటానికి తెచ్చిన బలగాల్లో మలబారు స్పెషల్ పోలీసులున్నారు. ఈ మలబారు పోలీసులు అల్లూరి చనిపోయిన 1924తో చరిత్రలోంచి మాయం కాలేదు. పాతికేళ్ల తరవాత వాళ్లు మన కృష్ణాజిల్లాకే వచ్చారు. తెల్లవాడు వెళ్లిపోయాడు. తెలంగాణా సాయుధ పోరాటం నడుస్తోంది, దానికి అండగా ఉన్న డెల్టా గ్రామాలమీద నిర్బంధం సాగుతోంది. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో పోలీసులు ఊరి మగవాళ్లను బట్టలూడదీయించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. గాంధీ విగ్రహం చుట్టూ! ఏ రచయిత రాసినా అతిశయోక్తి అని ఎడిటరు కొట్టేసే దృశ్యం అది. అదే పోలీసు మన్యంలో ఉంటే సినిమాకు ప్రతినాయకుడు, కాటూరులో ఉంటే సినిమాకు కనపడడు. చచ్చిన శత్రువుతో పోరాడటం మన చారిత్రక చిత్రాలకు బాగా తెలుసు. తెల్లవాడు వచ్చి కేసు పెట్టడు, హాలు ఖాళీ చేయించడు, పంపిణీదారుకు ఫోను చెయ్యడు.

శత్రువు బతికి ఉండగా తీయటం అసాధ్యం కాదు. పాంటెకార్వో "బాటిల్ ఆఫ్ అల్జీర్స్"ను 1966లో, అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లయినా కాకముందే, అల్జీర్సు వీధుల్లో ఆ వీధుల జనంతోనే తీశాడు. ఫ్రాన్సులో కొన్నేళ్లపాటు దాన్ని చూపనివ్వలేదు. మనకూ 1979లో "మా భూమి" వచ్చింది. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన ఆ చిత్రంలో అన్నం ఉంది, వెట్టి ఉంది, భూమి ఉంది. దానికి పేరు ఇచ్చిన నాటకం వేరే. అది 1947లో మన జిల్లా రచయితలు సుంకర, వాసిరెడ్డి రాసి ప్రజానాట్యమండలి ఊరూరా ఆడినది. ఆ పోరాటాన్నే 2024లో "రజాకార్" మతాల తగువుగా మార్చి చూపింది. దొర ఎవడో, కౌలుదారు ఎవడో తెలియకుండా చెయ్యటానికి మతం కంటె మంచి పరదా లేదు. మనవాళ్లు ఆ చిత్రాన్ని ఖండించి వ్యాసాలు రాశారు. వ్యాసం మంచిదే. సినిమాకు జవాబు సినిమాతో చెప్పటం ఇంకా మంచిది. ఇవాళ దానికి స్టూడియో అక్కరలేదు, ప్రతి విద్యార్థి జేబులోనూ కెమేరా ఉంది.

కథావస్తువు కావాలా? 1937-38లో 2,000 మందికి పైగా రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు నడిచారు. 130 రోజులు, 1,500 మైళ్లకు పైగా. దారిపొడుగునా సభలు పెట్టారు, 1,100కు పైగా అర్జీలు పోగుచేశారు, 1938 మార్చి 27న వాటిని మద్రాసు శాసనసభకు సమర్పించారు. వారు గట్టిగా అడిగిన రుణ విముక్తి ఆనాటి చట్టానికెక్కింది కూడా. ఒక్క కత్తి దూయకుండా నడిచిన నడక ఇది. ఇందులో సైన్యం అన్నం ఎక్కడ తిన్నదో తప్పకుండా చూపించవలసి వస్తుంది, ఎందుకంటే దారిలోని పల్లెలు పెట్టకపోతే వారు మద్రాసు చేరేవారే కారు. కాటూరులో 1949లో పదేళ్లున్న పిల్లవాడికి ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉంటాయి. అటువంటివారు ఇంకా ఎక్కడ ఉన్నారో కనుక్కుని, వారు చెప్పేది చెప్పినట్టు చిత్రంలోకి ఎక్కించవలసింది ఈ ఏడే. విజయవాడలో ఉయ్యూరు బస్సు ఎక్కితే కాటూరు ఎంతో దూరం లేదు.