ఆ పాట సినిమాకంటే ముందే పుట్టింది

సంపాదకులకు,

హిందీ ర్యాప్ మీద గత సంచికలో వచ్చిన వ్యాసం ‘మేరే గల్లీ మే’ను ‘గల్లీ బాయ్’ సినిమా పాటగా పరిచయం చేసింది. అది సరికాదు. జోయా అఖ్తర్ సినిమా వచ్చింది 2019లో. ముంబై ర్యాపర్లు డివైన్, నేజీ కలిసి ఆ పాట విడుదల చేసింది 2015లో.

సినిమాలో రణ్‌వీర్ సింగ్ గొంతు కూడా కలిసిన మాట నిజమే. కానీ పాటకు ప్రాణం మొదటి ఇద్దరి మధ్య ఉన్న తేడాలోనే ఉంది. అంధేరీలోని జేబీ నగర్‌లో పెరిగిన డివైన్‌ది బరువైన, నిలకడైన పలుకు. కుర్లా కుర్రాడు నేజీ మాటల్ని పరుగులు పెట్టిస్తాడు. ఒకరు దరువు మీద నిలబడితే, మరొకరు దాన్ని తరుముతారు. సెజ్ ఆన్ ద బీట్ సమకూర్చిన సంగీతం ఇద్దరికీ చోటిచ్చింది.

అప్పట్లో బాగా మోగిన హిందీ ర్యాప్ ఎక్కువగా పార్టీలు, కార్ల చుట్టూ తిరిగేది. వీళ్లు బంబయ్యా హిందీలో సొంత వీధి గురించి చెప్పారు. అంతకుముందే, 2014లో, నేజీ ‘ఆఫత్’ వీడియోను ఐప్యాడ్‌తోనే తీసుకున్నాడు. స్టూడియో పిలుపు కోసం ఆగని అలాంటి కుర్రాళ్ల కష్టాన్ని సినిమా ఖాతాలో రాయడం అన్యాయం.

వచ్చే సంచికలో సవరణ వేసి, ఇద్దరి పేర్లూ అచ్చు వేయాలని మనవి.

– ఒక పాఠకుడు, వరంగల్