విద్యుత్తునందు స్వేచ్ఛ ఎవరికి?

2025 అక్టోబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖవారు ఒక చిత్తుబిల్లును ప్రకటించిరి. 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టమును సవరింప నుద్దేశించిన ఈ చిత్తునందు మన వినియోగదారులెల్లరును శ్రద్ధతో చదువదగిన మాటలు రెండు గలవు. ఇతరుల చౌకధర కొరకు కర్మాగారములును, రైల్వేలును భరించుచున్న అధికధరను ఐదేండ్లలో పూర్తిగా తొలగింపవలెననుట మొదటిది. ఒక మెగావాటుకు మించి వాడు పెద్ద వినియోగదారులకు కరెంటు ఇచ్చితీరవలెనను బాధ్యతనుండి పంపిణీ సంస్థలను విడిపించుటకు రాష్ట్రముల నియంత్రణ మండలులకు అధికారమిచ్చుట రెండవది. వీనికి తోడు ఒకే తీగపై పలువురు అమ్మకందారులు వ్యాపారము చేయవచ్చునట. వీనికన్నిటికిని స్వేచ్ఛ యనియు, పోటీ యనియు పేరు పెట్టినారు. పేరు వినసొంపుగనే యున్నది. కాని దస్తావేజు పైనున్న పేరు చూచి చేవ్రాలు చేయుమని ఏ వకీలును తన కక్షిదారునకు సలహా చెప్పడు.

బియ్యము ధర పెరిగినచో కొన్నాళ్లు జొన్నలు తినవచ్చును. గాదెలోని ధాన్యము తీయవచ్చును. విద్యుత్తు అట్టి సరకు కాదు. పుట్టిన క్షణముననే ఖర్చు కావలయును. బ్యాటరీలలోను, నీటిని మరల పైకెక్కించు జలాశయములలోను దాచుట ఆరంభమైనను అది మొత్తము వాడుకలో స్వల్పభాగమే. అందుచే సరకు మిక్కుటమైనప్పుడు ధర పాతాళమునకు దిగును. నూటికి రెండు మూడు పాళ్లు కొరతపడినంతనే ఆకాశమునంటును. ఇంతేగాక మన వీధిలోనికి వచ్చు తీగ ఒక్కటే. అమ్మువారు పదిమంది యైనను స్తంభమదే, ట్రాన్సుఫార్మరు అదే, గాలివానకు తీగ తెగిపడిన రాత్రి స్తంభమెక్కు లైనుమను అతడే. ఆ తీగలకైన అప్పు, ఆ లైనుమను జీతము, ఉత్పత్తి కేంద్రములతో ఇరువదియైదేండ్లకు చేసికొన్న ఒప్పందముల స్థిరవ్యయము, ఇవియన్నియు కరెంటు వాడినను వాడకున్నను తీర్పవలసినవే. పెద్ద కొనుగోలుదారుడు వెడలిపోయినంత మాత్రమున ఇవి తరుగవు. మిగిలినవారిమీద పంచబడును. విద్యుత్ సంస్కరణలను గూర్చిన వాదములన్నియు చివరకు ఈ పంపకము దగ్గరకే వచ్చి నిలుచును.

ఒకనాడు మన దేశమునందు కరెంటు పట్టణములలోని కంపెనీల సొత్తు. 1910వ సంవత్సరపు చట్టముక్రింద లైసెన్సులు పొందిన ఆ కంపెనీలు లాభమున్న వీధులకు మాత్రమే తీగలు లాగెను. 1943లో వైస్రాయి సభయందు శ్రామికశాఖ సభ్యుడుగా నుండిన డాక్టరు అంబేడ్కరు, యుద్ధానంతర విద్యుద్విధానమును నిర్ణయించు సంఘమునకు అధ్యక్షత వహించి, దేశము పారిశ్రామికము కావలెనన్నచో కరెంటు చౌకగను సమృద్ధిగను లభింపవలెనని వాదించెను. ఆ దారినే 1948వ సంవత్సరపు సరఫరా చట్టము వచ్చినది. రాష్ట్రములందు విద్యుత్ బోర్డులు వెలసినవి. ఈ బోర్డులు ధర్మసత్రములు కావు, ధర్మకర్తలును కారు. లెక్కలు చూపలేక పోయిన సంవత్సరములు, మీటరు లేని దొంగ కనెక్షనులు, రాజకీయులు చెప్పినచోట నాటిన స్తంభములు, అన్నియు నుండినవి. కాని కోనసీమ లంకలకును, అరకు కొండలకును తీగ చేరినదన్నచో పెద్ద పరిశ్రమయొద్ద అధికముగా పుచ్చుకొని పల్లెకు తక్కువకిచ్చుటచేతనే చేరినది.

ఆంధ్రదేశమునందు ఈ పద్ధతిని మార్చుటకు తొలి ప్రయత్నము 1998వ సంవత్సరపు సంస్కరణ చట్టముతో జరిగినది. ప్రపంచబ్యాంకు అప్పు దానికి తోడుగా వచ్చినది. 1999 ఫిబ్రవరిలో బోర్డు రెండుగా చీలినది. 2000 ఏప్రిలులో పంపిణీ నాలుగు సంస్థలపాలైనది. ఆ వేసవిలో పెరిగిన ధరలపై లేచిన ఆందోళన ఆగస్టు 28న హైదరాబాదు బషీరుబాగునందు పోలీసు కాల్పులతో ముగిసినది. ప్రాణములు పోయినవి. నాలుగేండ్లకు, 2004లో, సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. ధరల సంస్కరణ బల్లపై తీర్మానించినంత సులభముగా పల్లెలో నెరవేరదని రెండు పక్షములును అప్పుడు తెలిసికొనవలసినది. తెలిసికొన్నవా యనునది వేరు ప్రశ్న.

2003వ సంవత్సరపు కేంద్ర చట్టము పాత కేంద్ర చట్టములను రద్దుచేసి, ఒక మెగావాటుకు మించిన వినియోగదారుడు తనకు నచ్చినవానియొద్ద కరెంటు కొనుటకు దారి తీసినది. దీనికే ఓపెన్ యాక్సెస్ అని పేరు. ఇట్లు వెడలిపోవువాడు స్థానిక పంపిణీ సంస్థకు సర్‌చార్జి చెల్లింపవలెనని 42వ సెక్షను విధించినది. ఆ సర్‌చార్జి క్రమముగా తగ్గి రద్దు కావలెననియు మొదట వ్రాసిరి. అయితే 2007లో పార్లమెంటు ‘రద్దు’ అను మాటను తీసివేసి ‘తగ్గింపు’ను మాత్రము నిలిపినది. అనుభవమునుండి నేర్చుకొని దిద్దిన మాట యది. ఇప్పటి చిత్తుబిల్లు పదునెనిమిదేండ్ల తరువాత ఆ కొట్టివేసిన మాటనే మరల తెచ్చుచున్నది.

సర్‌చార్జి తప్పించుకొను దారులును గలవు. స్వంత ఉత్పత్తి కేంద్రమున్నవాడు సర్‌చార్జి ఇయ్యనక్కరలేదు. 2005వ సంవత్సరపు నిబంధనల ప్రకారము ఆ కేంద్రపు వాటాలలో నూటికి 26 పాళ్లు కొనువారివై, దాని కరెంటులో 51 పాళ్లు వారు వాడుకొన్నచో అది ‘స్వంత’ కేంద్రమే. కాగితముపై వాటా కొన్న పరిశ్రమ ఈ విధముగా అందరు మోయు భారమునుండి తప్పుకొనగలదు. ఇది నేరమని నేననను, చట్టమిచ్చిన వెసులుబాటు. కాని పిండిమర యజమానికి ఈ వెసులుబాటు లేదు. ఇంటి గృహిణికి లేదు. పదునైదు అశ్వశక్తుల మోటారుతో మరమగ్గములు నడుపుకొను నేతగానికి లేదు. 2022లో హరిత విద్యుత్తు కొరకు ఈ హద్దును 100 కిలోవాట్లకు దించినారు. ఆ గీతకు క్రిందనే మన జనములో అత్యధికులు నిలిచియున్నారు.

పరిశ్రమలవారి మాటయు వినవలసినదే. విజయనగరము జిల్లాలోని ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారములకు కరెంటే ముడిసరకు వంటిది. యూనిటుకు అర్ధరూపాయి హెచ్చినచో కొలిమి ఆర్పుకొనవలసినదే. గుంటూరు నూలుమిల్లులు పొరుగు రాష్ట్రములతో పోటీపడవలెను. వీరికి చౌక విద్యుత్తు కావలెననుట న్యాయమే. అయితే విపణి వీరికి మేలు చేసినదా? 2008లో విద్యుత్ ఎక్స్ఛేంజి ఆరంభమైన తరువాత కొన్నేండ్లు అచ్చట ధర తక్కువగా నున్నందున పెద్ద కొనుగోలుదారులు అటు పరుగులిడిరి. ధర పెరిగిననాడు మరల పంపిణీ సంస్థ గుమ్మము తట్టిరి. ఎండకాలము ఆరుబయట, వాన వచ్చినప్పుడు పంచలో. పంచ మరమ్మతు ఖర్చు మాత్రము ఇంటివారిది.

2022 మార్చిలో అసలు వాన వచ్చినది. ఎండలు ముందుగా ముదిరెను, బొగ్గు చాలలేదు. ఎక్స్ఛేంజిలో యూనిటు ధర నాటి గరిష్ఠ పరిమితియైన 20 రూపాయలను తాకినది. ఏప్రిలు మొదటిదినముల కేంద్ర నియంత్రణ మండలి తాను ముందుకు వచ్చి ఆ పరిమితిని 12 రూపాయలకు దించవలసి వచ్చినది. స్వేచ్ఛావిపణిని నమ్మినవారు ఈ ఒక్క ఉత్తరువును గోడకు తగిలించుకొనవలెను. అప్పటికిని కరెంటు చాలినంత దొరకక, ఏప్రిలు 8వ తేదీనుండి ఆంధ్రప్రదేశమునందు పరిశ్రమలకు వారమున కొకదినము అదనపు సెలవు విధించిరి. ఎడతెగక నడువవలసిన కర్మాగారములు సగము కరెంటుతో సరిపెట్టుకొనవలెననిరి. స్వేచ్ఛ ప్రసాదింపబడినది పరిశ్రమలకు. కొరత రాగానే మొదట స్విచ్చి కట్టబడినదియు వారికే.

ఇక చిన్నవాని బిల్లు. నాకు తెలిసిన పిండిమర యజమాని యొకడు తన బిల్లు తెచ్చి, ‘వాడిన యూనిట్లకు ధర కట్టితిని, ఈ తక్కిన వరుసలేమిటి?’ అని యడిగెను. ఎక్స్ఛేంజిలో హెచ్చుధరకు కొన్న కరెంటు వ్యయమును నెలనెల వినియోగదారునిపై తనంతట వేసికొనవచ్చునని 2022 డిసెంబరులో కేంద్రము నిబంధన చేసినది. ఆంధ్రప్రదేశమునందు 2023లో ఆ పద్దుక్రింద యూనిటుకు 40 పైసల చొప్పున వసూలు ఆరంభమైనది. అంతకుముందు 2021లో, 2014 నుండి 2019 వరకు గల లోటును ట్రూఅప్ పేర వసూలు చేయబోయి, బహిరంగ ప్రకటన సరిగా జరుగలేదని తేలి, ఆ ఉత్తరువును మండలియే వెనుకకు తీసికొన్నది. ఏడేండ్ల క్రిందట ఆ ఇంట అద్దెకుండి వెడలిపోయినవాని కరెంటుకు నేడు ఆ ఇంట దిగినవాడు చెల్లింపవలయునా? సివిలు కోర్టులో బాకీదావాకు మూడేండ్ల కాలపరిమితి యున్నది. ఇంతటి పాతబాకీని ఎవడైన తెచ్చినచో మునసబుగారు నవ్వి కొట్టివేయుదురు. పిండిమరవాడు ఈ 40 పైసలను మరపట్టు కూలిలో కలుపలేడు. కలిపినచో పక్కవీధి మరకు గిరాకి పోవును. కనుక తన కడుపులోనే కలుపుకొనుచున్నాడు.

ఈ దారిలో మనకంటె ముందు, మనకంటె వేగముగా నడచిన దేశములు గలవు. అమెరికాలోని కాలిఫోర్నియా 1996లో శాసనసభలో ఒక్క వ్యతిరేకపు ఓటైనను లేకుండ విద్యుత్ విపణిని విడిచిపెట్టినది. ఇండ్లకును, చిన్న వర్తకులకును ధరలో నూటికి పదిపాళ్లు తగ్గింపని చాటిరి. ఆ తగ్గింపునకు సొమ్ము బాండ్లమీద తెచ్చిన అప్పు. ఆ అప్పును తీర్చినది మరల ఆ ఇండ్లవారును, ఆ చిన్న వర్తకులునే. 2000 వేసవిలో ధరల కట్టడి ముందుగా తొలగిన సాన్ డియేగో నగరమునందు బిల్లులు రెండింతలు, మూడింతలైనవి. 2001 జనవరిలో రాష్ట్రపు ఉత్తరభాగమున వంతులవారీగా దీపములారినవి. కొరత యంతయు నిజమైన కొరత కాదు. ఎన్రాన్ కంపెనీ వర్తకులు, ధర పెరుగుటకై, ఒక ఉత్పత్తి కేంద్రమును ఆపుమని ఫోనులో చెప్పిన సంభాషణలు తరువాత బయటపడినవి. ఏప్రిలు 6న ఆ రాష్ట్రపు పెద్ద పంపిణీ కంపెనీ పీజీ అండ్ ఈ దివాలా తీసినది. రాష్ట్రప్రభుత్వము తానే కరెంటు కొని పంచుటకు చేసిన అప్పు 2020 వరకు బిల్లులలో తీరుచు వచ్చినది. ఈ గందరగోళమంతటిలో లాస్ ఏంజలసు నగరమున దీపములారలేదు. అచ్చటి విద్యుత్ సంస్థ పురపాలకసంఘమువారిది, ఈ విపణిలో చేరనిది. ఇదే ఎన్రాన్ మహారాష్ట్రమునందు దాభోలులో పెట్టిన కేంద్రపు కరెంటు ధర భరింపలేక, ఆ రాష్ట్రపు బోర్డు 2001 మే మాసమున కొనుట మానుకొన్నదని మన పాఠకులకు గుర్తుండవచ్చును. టెక్సాసు రాష్ట్రము ఇంకను దూరము పోయినది. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో అచ్చట టోకు ధర యూనిటుకు 9 డాలర్లు, నాటి మారకమున సుమారు 650 రూపాయలు, పలికినది. టోకు ధరకు ముడిపెట్టిన పథకములలో చేరిన గృహస్థులకు కొన్ని దినముల వాడుకకు వేల డాలర్ల బిల్లులు వచ్చినవి. ఆ తుపానులో 246 మంది మరణించిరని ఆ రాష్ట్రమే ప్రకటించినది.

పోటీయంతయు చెడ్డదని నా వాదము కాదు. 2017 ఏప్రిలులో మన కడప సౌరకేంద్రమునకు వేలములో యూనిటు 3 రూపాయల 15 పైసలకు పలికినది. మరుసటి మాసమున రాజస్థానపు భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగినది. ఉత్పత్తిదారులు తమలో తాము పోటీపడి, దీర్ఘకాలపు ఒప్పందముతో, అందరి తరఫున కొను సంస్థకు అమ్మినప్పుడు వచ్చిన ఫలితమది. అచ్చట పోటీ ధరను దించినది. ఊరిలో ధనవంతులైన పదిమందిని ఏరుకొని తక్కినవారిని పాత సంస్థకు వదలు పోటీ వేరు. అందరి సొమ్ముతో నిర్మించిన తీగలపై పెరిగి, నేడు ఆ తీగల భారము తమకక్కరలేదనుట ఏరు దాటి తెప్ప తగులబెట్టుట వంటిది.

మరియు సేద్యమునకును పేదలకును ఇచ్చు రాయితీ భారము పరిశ్రమలపై నుండరాదన్నచో అది ఎవరిపై నుండవలెనో చట్టమే చెప్పుచున్నది. 65వ సెక్షను ప్రకారము రాయితీ ప్రకటించిన రాష్ట్రప్రభుత్వము ఆ సొమ్మును ముందుగా చెల్లింపవలెను. ముందుగా! ఏ పక్షపు ప్రభుత్వమైనను వాగ్దానము ఎన్నికలకు ముందును, సొమ్ము ఎప్పుడో తరువాతను ఇచ్చుట మనకలవాటైపోయినది. పంపిణీ సంస్థల అప్పులలో ఈ ఆలస్యపు వడ్డీయు కలిసియున్నది. దానిని కట్టువాడు మరల పిండిమరవాడే.

కనుక చిత్తుబిల్లులో అడుగవలసిన షరతులు స్పష్టముగనే యున్నవి. వెడలిపోవు పెద్ద వినియోగదారుడు తన కొరకు కుదిరిన దీర్ఘకాల ఒప్పందములలో తన పాలు తీర్చి వెడలవలెను. మరల రాదలచినచో ఏడాది ముందు తెలుపవలెను; ఆనాటి విపణిధరనే ఇయ్యవలెను. క్రొత్త లైసెన్సుదారు విశాఖపట్టణపు పారిశ్రామికవాడతో పాటు పాడేరు మన్యమునందును తన వంతు ఇండ్లకు సరఫరా చేయవలెను. రాయితీ సొమ్ము ఖజానానుండి ముట్టువరకు పరిశ్రమల అదనపు ధర తొలగరాదు. ప్రతి సంవత్సరము పంపిణీ సంస్థలు రాబోవు ఏటి ధరల ప్రతిపాదనలను మండలికి పంపును. పిమ్మట బహిరంగ విచారణలు జరుగును. వానికి అభ్యంతరము పంపుటకు వకీలు అక్కరలేదు, తెలుగున వ్రాసినను చాలును. ఆ విచారణలకు పరిశ్రమల సంఘములవారు లెక్కల కట్టలతోను, నిపుణులతోను వచ్చుచున్నారు. పిండిమరల యజమానులు, అద్దెయిండ్లవారు, మరమగ్గములవారు వచ్చి కూర్చుండుట మాత్రము అరుదు.